అమ్మమ్మ బొంతలో ఇంజనీరింగ్

ఈ వేసవి సెలవుల్లో కొత్తపట్నంలో అమ్మమ్మ దగ్గర బొంత కుట్టడం నేర్చుకున్నా. పొద్దున కుట్టు, సాయంత్రం బీచ్. కొత్తగుడ్డ కొనుక్కొస్తానంటే "పాత నూలుచీరలే కావాలిరా" అంది. కారణం తర్వాత అర్థమైంది. కొత్త నూలుగుడ్డ ఉతికితే ముడుచుకుంటుంది, బొంత గుంజుకుపోతుంది. ఏళ్లతరబడి ఉతికిన చీర ముడుచుకోవాల్సిందంతా ఎప్పుడో ముడుచుకుంది. పొరల మధ్య చిక్కిన గాలి చలిని ఆపుతుంది. దగ్గరదగ్గర కుట్టిన వరసలు లాగుడును పంచుకుంటాయి, ఒకటి తెగినా మిగతావి పొరల్ని పట్టి ఉంచుతాయి. బెంగాల్ కాంథా, కర్ణాటక కౌది కూడా పాతగుడ్డ పొరలే.

ఇప్పుడు మా ఇంట్లో అన్నీ పాలియెస్టర్ చీరలే. అమ్మమ్మకేమో సూదిలో దారం ఎక్కించడానికి చూపు ఆనడం లేదు. ఈసారి దారం నేనే ఎక్కించా. సగం బొంత మిగిలింది. మీ ఇంట్లో పాత నూలుచీరలుంటే పారేయకండి, కుట్టడం తెలిసినవాళ్లుంటే ఈ సెలవుల్లోనే పక్కన కూర్చోండి.