షోకేసులో పోర్ట్ సీసా: అపోహలు, వాస్తవాలు

జనగామలో మా వీధి చివరింట్లో ఒక షోకేసు ఉంది. అందులో పెంబర్తి ఇత్తడి సెమ్మెలు, అమెరికాలో ఉంటున్న కొడుకు పట్టా పుచ్చుకున్నప్పటి ఫొటో, వాటి నడుమ నల్లటి వింటేజ్ పోర్ట్ వైన్ సీసా. కొడుకు సెలవులకొస్తూ తెచ్చిన ఆ సీసా ఆరు ఎండాకాలాలు అక్కడే నిలబడింది. కిందటి దసరాకు తీస్తే గ్లాసు అడుగున కాఫీపొడి లాంటి మడ్డి. "ఖరాబైంది, పారబొయ్యిండ్రి" అన్నాడు పెద్దాయన. ఖరాబైన మాట నిజమే, కాని మడ్డి వల్ల కాదు. బిరడా కొంచెం పైకి లేచి ఉంది, మెడ మీద జిగటగా ఎండిన చార ఉంది, వాసన మాడిన బెల్లప్పాకంలా ఉంది. దాన్ని చెడగొట్టింది మన ఎండ.

మన ఊళ్లలో 'వైన్స్' అన్న బోర్డు కింద వైన్ తప్ప అన్నీ అమ్ముతారు. కాబట్టి పోర్ట్ గురించి మనకు తెలిసిందంతా చెప్పుడు మాటలే.

"పోర్ట్ అంటే గోవాల దొరికే తియ్యటి వైనే గదా!"

పేరొక్కటే కలుస్తుంది. అసలు పోర్ట్ ఉత్తర పోర్చుగల్‌లోని డోరో నది లోయది. 1756లో అప్పటి పోర్చుగల్ మంత్రి పొంబాల్ మార్క్విస్ ఆ లోయకు హద్దులు గీయించాడు. ఎక్కడో పోతపోసిన ఇత్తడికి పెంబర్తి పేరు పెడితే మనం ఒప్పుకోం కదా, అక్కడా అంతే. ఐరోపాలో ఆ హద్దుల్లో పండిన ద్రాక్షతో చేసినదానికే పోర్ట్ అనే పేరు చెల్లుతుంది.

ఎలా చేస్తారో కల్లు తెలిసినవాళ్లకు చప్పున అర్థమవుతుంది. పొద్దున దింపిన కల్లు తియ్యగా ఉంటుంది. ఎండెక్కేకొద్దీ పులిసి, తీపి తగ్గి నిషా పెరుగుతుంది. ద్రాక్షరసమూ అంతే. ఆ పులియడాన్ని సగంలో ఆపడమే పోర్ట్ కిటుకు. తీపి ఇంకా మిగిలి ఉండగానే 77 శాతం ఘాటున్న ద్రాక్షసారాను దాదాపు నాలుగు పాళ్ల రసానికి ఒక పాలు చొప్పున కలిపేస్తారు. పులియబెట్టే ఈస్ట్ చచ్చిపోతుంది, తీపి నిలిచిపోతుంది, ఆల్కహాల్ 20 శాతం దగ్గర ఆగుతుంది. భూపాలపల్లి అడవి పల్లెల్లో ఇప్పసారా కాచేవాళ్లకు ఈ లెక్క చెబితే, మంచి సరుకు ఆగం చేసుకుంటున్నారని నవ్వుతారేమో!

"ఎంత పాతదైతే అంత గొప్పది"

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పోర్ట్‌లో రెండు వంశాలున్నాయి. వింటేజ్‌ను పంట తర్వాత రెండు మూడేళ్లకే సీసాకెత్తుతారు, ఆపైన దాని వయసంతా సీసాలోనే. అందుకే మడ్డి పేరుకుంటుంది. అది లోపం కాదు, సీసాను ఒకరోజు నిటారుగా నిలబెట్టి, పైతేట మెల్లగా వంపుకుంటే సరిపోతుంది. 1994, 2011, 2016 లాంటి పేరున్న సంవత్సరాల వింటేజ్ దశాబ్దాలు నిలుస్తుంది. అయితే చల్లటి చీకటి గదిలో, 12 నుంచి 15 డిగ్రీల వేడిలో, అడ్డంగా పడుకోబెట్టినప్పుడే. సింగరేణి క్వార్టర్‌లో ఫ్రిజ్ మీద కాదు.

రెండోది టానీ. అది పీపాల్లో ముదిరి, ఎర్రదనం పోయి ఇటుక రంగుకొస్తుంది. సీసాకెత్తాక ముదరడం ఆగిపోయినట్టే. 20 ఏళ్ల టానీ కొని ఇంకో 20 ఏళ్లు దాచితే 40 ఏళ్లది కాదు. పైగా ఆ 20 ఒక్క పంట వయసు కూడా కాదు, రకరకాల ఏళ్ల వైన్లు కలిపి ఆ వయసు రుచికి తెచ్చారని అర్థం. కాబట్టి టానీ మీద చూడాల్సింది ఏ ఏడు సీసాలో పోశారన్నది. తాజాగా పోసినదైతే మేలు.

"అరుదైనది కావాలంటే లక్షలు పెట్టాలె"

కింటా దో నోవాల్ వారి నాసియోనాల్ అయితే నిజమే. అంటుకట్టని పాత తీగలున్న చిన్న మడి నుంచి వచ్చేది అది, దాని మీద ఆశ వదులుకోవడమే మంచిది. గర్రాఫెయిరా అనే ఇంకో రకం పీపాలో కొన్నేళ్లుండి, తర్వాత పెద్ద గాజు బుడ్డీల్లో ఏళ్లకేళ్లు కూర్చుంటుంది. దాని పేరెత్తితే నీపోర్ట్ వారి పేరే వినిపిస్తుంది. దొరకడం కష్టం.

నన్నడిగితే కొల్యేటా తెమ్మంటాను. పోర్చుగీసులో ఆ మాటకు పంటకోత అని అర్థం. ఒకే ఏటి పంటను కనీసం ఏడేళ్లు పీపాలో ఉంచి తీసిన టానీ ఇది. లేబుల్ మీద పంట ఏడూ ఉంటుంది, సీసాకెత్తిన ఏడూ ఉంటుంది. ఇంట్లో ఎవరైనా పుట్టిన ఏడాదిది వెతికి తెచ్చుకోవచ్చు. విమానాశ్రయం దుకాణాల్లో ఎక్కువగా పెద్ద కంపెనీల రూబీ (లేత ఎర్ర పోర్ట్), పదేళ్ల టానీలే కనిపిస్తాయి. పోర్టో నగరానికి ఎదురు ఒడ్డున విలా నోవా డి గాయాలో వైన్ కొట్లున్నాయి, అక్కడ అడగాలి. మెడ మీద పోర్ట్ వైన్ సంస్థ ముద్ర చీటీ ఉందో లేదో కూడా చూసుకోవాలి.

"పెట్టెలో పడితే ఎన్నైనా తేవచ్చు"

సుంకం లేకుండా ఒక్కరికి 2 లీటర్లే. విస్కీ అయినా వైన్ అయినా కలిపే లెక్క. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండైతే లీటరున్నర. మూడోదానికి లెక్క దాటి గట్టిగా సుంకం పడుతుంది, దాని బదులు 375 మిల్లీలీటర్ల చిన్న సీసా పెట్టుకోవచ్చు. మానుకోట నుంచి దుబాయ్, దోహా మీదుగా తిరిగేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. డ్యూటీ ఫ్రీ సీసా చేతిసంచిలో ఉంటే, దుకాణం వాళ్లు సీలు వేసిన సంచిని ఇంటికొచ్చేదాకా విప్పకూడదు, రసీదు అందులోనే ఉండాలి. సౌదీ, కువైట్ దారిన మాత్రం వద్దే వద్దు. ఆ దేశాల్లో మద్యం నిషేధం. ఇక్కడికి తెచ్చిన సీసాను లైసెన్సు లేకుండా అమ్మడమూ నేరమే.

శంషాబాద్ విమానాశ్రయం నుంచి భూపాలపల్లికి నాలుగైదు గంటల దారి. మే నెలలో సీసాను కారు డిక్కీలో పెట్టకండి, కాళ్ల దగ్గర ఏసీ గాలి తగిలేచోట పెట్టండి.

"పోర్ట్ తాగితే రక్తం పడుతది, బాలింతకు మంచిది"

ముదురు ఎరుపు చూసి పుట్టిన నమ్మకం ఇది. రక్తహీనతకు ఐరన్ మాత్ర ఉంది, తోటకూర ఉంది. తాగిన ఆల్కహాల్ తల్లిపాలలోకి వెళ్తుంది, గర్భిణికైతే ఒక్క చుక్క కూడా వద్దు. మద్యంలో ఇంత తాగితే హాని లేదని చెప్పగల మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. షుగరున్నవాళ్లకు ఇంకో లెక్క: లీటరు పోర్ట్‌లో సుమారు 100 గ్రాముల చక్కెర ఉంటుంది.

తెరిచిన సీసా సంగతి క్లుప్తంగా: వింటేజ్‌ను ఒకటి రెండు రోజుల్లో ముగించాలి, టానీ ఫ్రిజ్‌లో కొన్ని వారాలుంటుంది. ఎండలు 45 డిగ్రీలకెక్కే మన జిల్లాలకు టానీ వంశమే నయమనడానికి ఇదీ ఒక కారణం.

మొన్న ఆ చివరింటి కొడుకు గాయాలోని ఓ కొట్టు నుంచి వీడియో కాల్ చేశాడు. పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని, ఫోన్ దగ్గరికి పట్టుకుని అడిగాడు: "పంట ఏడు సరే బిడ్డా, సీసల ఎన్నడు వోసిన్రో సూసినవా?"