చదివేవాని చేతికి అందే మాట

కర్మాగారంలో గోడ మీద అంటించిన ఒక కాగితం మనిషి ప్రాణం నిలపగలదు. అదే కాగితం, చదివేవానికి అర్థం కాకపోతే, గోడకు అలంకారంగా మిగిలిపోతుంది.

2006 ఆగస్టులో తాపీ నది సూరత్ నగరాన్ని ముంచివేసింది. నగరానికి సుమారు 100 కిలోమీటర్ల ఎగువనున్న ఉకాయ్ జలాశయం నుంచి విడిచిన ప్రవాహం ఒక దశలో దాదాపు 9 లక్షల క్యూసెక్కులకు చేరింది. నదికి కుడి ఒడ్డున ఉన్న అడాజన్ పేట ఆ వరదలో మునిగిన ప్రాంతాలలో ఒకటి.

క్యూసెక్కు అనగా సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. లీటర్లలో దాదాపు 28. జలాశయం తలుపులు ఎత్తించే ఇంజనీరుకు ఈ కొలత లేనిదే పని జరగదు. కాని అడాజన్‌లో కింది అంతస్తున ముసలి తల్లితో, పసిపిల్లలతో ఉన్న గృహస్థుకు కావలసిన సమాచారం వేరు. నీరు మా వీధికి వస్తుందా? ఎన్ని గంటలకు వస్తుంది? ఎంత ఎత్తు వస్తుంది? ఇప్పుడు మేము ఏమి చేయాలి? తొమ్మిది లక్షలన్న అంకె అక్షరాలా సత్యమే. అయినా ఈ నాలుగు ప్రశ్నలలో ఒక్కదానికి కూడా అది నేరుగా జవాబు చెప్పదు.

అడాజన్‌కు ఈ విషయంలో మరొక విశేషం ఉన్నది. ఇక్కడినుంచి హజీరా పారిశ్రామిక ప్రాంతానికి పనికి వెళ్ళేవారు ఎందరో ఉన్నారు. ఎరువులు, ఉక్కు, పెట్రో రసాయనాలు తయారయ్యే ఆ కర్మాగారాలలో యంత్రం నడిపే విధానాన్ని, రక్షణ సూచనలను, మరమ్మతు అనుమతి పత్రాలను రాసేది ఇటువంటి ఇంజనీర్లూ అధికారులే. ఇంటివద్ద వరద వార్త వినే వేళ పాఠకుని స్థానంలో ఉండే మనిషి, కార్యాలయంలో బల్ల ముందు కూర్చోగానే రచయిత అవుతాడు. ఆ మార్పుతోపాటే, తాను నిన్న అడిగిన నాలుగు ప్రశ్నలనూ మరచిపోవడం మానవ సహజం.

ఆ మరపు ఎంతటి నష్టానికి దారి తీయగలదో చరిత్ర కొన్నిసార్లు చూపించింది.

రెండు హెచ్చరికల కథ

1971 చివర ఇరాక్ దేశానికి విదేశాలనుంచి విత్తనపు గోధుమలు వచ్చాయి. బూజు పట్టకుండా వాటికి పాదరసపు విషం పట్టించారు. అవి విత్తడానికే గాని తినడానికి పనికిరావు. సంచుల మీద హెచ్చరిక లేకపోలేదు. అది ఇంగ్లీషు, స్పానిష్ భాషలలో ఉన్నది. పుర్రె, ఎముకల గుర్తు కూడా ఉన్నది. అరబ్బీ మాట్లాడే పల్లె రైతుకు ఆ అక్షరాలు తెలియవు, ఆ గుర్తుకు అర్థమూ తెలియదు. గింజలకు పూసిన ఎర్ర రంగును కడిగితే విషం కూడా పోయిందనుకున్నవారున్నారు. రంగు పోయింది, విషం పోలేదు. పలు గ్రామాలలో ఆ గోధుమలతో రొట్టెలు చేసుకున్నారు. 6,530 మంది ఆసుపత్రులలో చేరారు. వారిలో 459 మంది మరణించారు.

ఇది భాష తెలియని పాఠకుని కథ. భాష బాగా తెలిసిన విద్యావంతుల మధ్య కూడా మాట దారి తప్పగలదు.

1977 సెప్టెంబరులో అమెరికాలోని ఓహైయో రాష్ట్రంలో ఒక అణువిద్యుత్ కేంద్రంలో ఒక కవాటం తెరుచుకొని మూసుకోలేదు. సిబ్బంది పరిస్థితిని పొరపాటుగా అర్థం చేసుకొని, అత్యవసరంగా నీరు పంపే పంపులను ముందుగానే ఆపివేశారు. ఆ రోజు రియాక్టరు తక్కువ శక్తితో నడుస్తున్నందువల్ల ముప్పు తప్పింది. దానిని నిర్మించిన సంస్థలోని ఇంజనీరు బర్ట్ డన్ ఇందులోని ప్రమాదాన్ని గుర్తించి, అన్ని కేంద్రాల సిబ్బందికి కొత్త సూచన పంపాలని 1978 ఫిబ్రవరిలో రాతపూర్వకంగా కోరాడు. ఆ కాగితం ఒక విభాగంనుంచి మరొక విభాగానికి తిరిగింది. తరువాతి లేఖలో ఆ హెచ్చరిక, తీరిక చూసుకొని తేల్చుకోవలసిన సాంకేతిక సందేహంగా మారింది. కేంద్రాలకు సూచన వెళ్ళనే లేదు. 1979 మార్చి 28న త్రీ మైల్ ఐలండ్ కేంద్రంలో అటువంటి కవాటమే తెరుచుకొని ఉండిపోయింది. అక్కడి సిబ్బంది కూడా నీటిని తగ్గించివేశారు. రియాక్టరులోని ఇంధనంలో దాదాపు సగం కరిగిపోయింది.

ఈ రెండు ఉదంతాలలోనూ సమాచారం కాగితం మీద ఉన్నది. అవసరమైన మనిషికి, అవసరమైన సమయంలో, చేయదగిన పనిగా అది అందలేదు.

కౌటిల్యుడు చెప్పిన ఆరు గుణాలు

ఈ సమస్య మన దేశానికి కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో రెండవ అధికరణం పదవ అధ్యాయం రాజశాసనాలు రాసే లేఖకుని కోసమే కేటాయించబడింది. మంచి లేఖకు ఆరు గుణాలుండాలని అందులో చెప్పారు: అర్థక్రమం, సంబంధం, పరిపూర్ణత, మాధుర్యం, ఔదార్యం, స్పష్టత్వం. ప్రధానమైన విషయాన్ని ముందుగా చెప్పడమే అర్థక్రమం. అందరికీ తెలిసిన పదాలను వాడడమే స్పష్టత్వం. నేటి కర్మాగారాలలో రాసే పత్రాలకు కూడా ఇంతకన్న మంచి సూత్రాలు లేవు.

సూరత్‌కు బాగా తెలిసిన ఒక వస్తువుతో దీనిని పరీక్షించవచ్చు. పాలియెస్టరు గుడ్డకు అద్దకం వేసిన తరువాత, దారాన్ని అంటుకొని మిగిలిన రంగును వదిలించడానికి సోడియం హైడ్రోసల్ఫైట్ అనే పొడి వాడతారు. మిల్లులలో దాని పేరు హైడ్రోస్. డ్రమ్ములోకి కొద్దిపాటి తడి చేరినా అది వేడెక్కి, విషవాయువు వదిలి, అంటుకోగలదు. దీనిని గురించి ఒక అధికారి ఇలా రాశాడనుకుందాం:

“హైడ్రోస్ నిల్వ, వినియోగ ప్రక్రియలందు ఆర్ద్రతా సంపర్కము నివారింపబడునట్లు సంబంధిత సిబ్బందిచే తగు జాగ్రత్తలు తీసుకొనబడవలెను.”

వ్యాకరణంలో లోపం లేదు. కాని ఆర్ద్రత అంటే ఏమిటి? సంబంధిత సిబ్బంది ఎవరు? తగు జాగ్రత్త ఏది? రాత్రి షిఫ్టులో, ఆవిరిలో, యంత్రాల హోరులో నిలుచున్న కార్మికునికి ఈ వాక్యం ఏ పనీ చెప్పదు. అదే విషయాన్ని మరొక విధంగా చెప్పవచ్చు:

“డ్రమ్ములో చుక్క నీరు కూడా పడనీయవద్దు. తడి తగిలితే పొడి అంటుకుంటుంది. మూత తీసే ముందు చేతులు, గరిటె పొడిగా ఉన్నాయో లేదో చూసుకోండి. కావలసినంత తీసి, వెంటనే మూత బిగించండి. డ్రమ్ము వేడెక్కినా, పొగ వచ్చినా దగ్గరకు పోవద్దు. అందరూ బయటకు వచ్చి ఫోర్‌మన్‌కు చెప్పండి.”

ఇందులో ప్రతి వాక్యానికీ ఒక పని ఉన్నది. కారణం ఒకే ఒక్క వాక్యంలో ఉన్నది. కారణం తెలిసినవాడు నియమాన్ని సులభంగా మీరడు. హెచ్చరిక పనికి ముందు ఉన్నది. “మీట నొక్కండి, అయితే నొక్కే ముందు కవాటం మూయండి” అని రాసినచోట, సగం చదివేసరికే చేయి మీట మీదికి వెళుతుంది.

మరొక చిక్కు మన చదువులోనే ఉన్నది. ఒకే మాటను తిరిగి వాడితే పునరుక్తి దోషమని పాఠశాలలో నేర్పుతారు. కావ్యంలో అది నిజం కావచ్చు. యంత్రపు పత్రంలో మొదటి పంక్తిలో “మీట”, రెండవదానిలో “స్విచ్చి”, మూడవదానిలో “నియంత్రకం” అని రాస్తే, పాఠకుడు మూడు వస్తువుల కోసం వెదుకుతాడు. విమానాల మరమ్మతు పుస్తకాల కోసం 1986లో రూపొందించిన సరళ ఇంగ్లీషు నియమావళి కూడా ఈ మార్గాన్నే పట్టింది: ఒక మాటకు ఒకే అర్థం, పని చెప్పే వాక్యం ఇరవై పదాలు మించరాదు.

ఎవరి భాషలో?

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, కర్మాగారంలో ప్రదర్శించవలసిన ప్రకటనలు ఇంగ్లీషులోను, అక్కడి కార్మికులలో అధిక సంఖ్యాకులకు తెలిసిన భాషలోను ఉండాలని 108వ విభాగంలో విధించింది. అది మంచి నియమం. కాని సూరత్ వంటి నగరంలో అధిక సంఖ్యాకులను లెక్కించిన తరువాత కూడా ఎందరో మిగిలిపోతారు. తెలంగాణ నేత పల్లెలనుంచి వచ్చి మగ్గాల మీద స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. ఒడిశానుంచి, ఉత్తర ప్రదేశ్‌నుంచి, మహారాష్ట్రనుంచి వచ్చినవారూ ఉన్నారు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు, ఒడియా మాధ్యమాలలో కూడా పాఠశాలలు నడిపిందంటే ఈ వైవిధ్యం ఎంతటిదో ఊహించవచ్చు. వీరిలో తెలుగు మాట్లాడి గుజరాతీ చదివేవారుండవచ్చు. మాట తెలిసి అక్షరం రానివారూ ఉండవచ్చు.

కనుక అనువాదం ఒక్కటే చాలదు. నిఘంటువులోని తెలుగుకూ, మగ్గం దగ్గరి తెలుగుకూ దూరం ఉన్నది. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో ప్రారంభమైన మాండలిక వృత్తి పదకోశంలో తొలి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో వెలువడగా, చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. పడుగు, పేక, నాడె, కండె వంటి మాటలను ఎవరూ కమిటీలో కూర్చొని కల్పించలేదు. అవి పనిచేసేవారి నోట పుట్టాయి. పత్రం రాసేవారు మొదట వెళ్ళవలసింది నిఘంటువు దగ్గరకు కాదు, ఆ నోటి దగ్గరకు. కార్మికుడు హైడ్రోస్ అంటే పత్రంలోనూ హైడ్రోస్ అనే ఉండాలి.

చివరి పరీక్ష చాలా సులభమైనది, ఖర్చు లేనిది. రాసిన కాగితాన్ని ఆ పని చేసే కార్మికుని చేతికి ఇవ్వాలి. అక్షరం రానివానికి చదివి వినిపించాలి. తరువాత “అర్థమైందా?” అని అడగరాదు, పెద్దలు అడిగితే అందరూ అర్థమైందనే అంటారు. “ఇప్పుడు నువ్వు ఏమి చేస్తావో చేసి చూపించు” అనాలి. అతని చేయి తడబడినచోట వాక్యాన్ని మార్చాలి. తప్పు కార్మికునిది కాదు, వాక్యానిది.

తాపీ ఒడ్డున నీరు వీధిలోకి వస్తున్నప్పుడు అడాజన్ గృహస్థు కోరినది పెద్ద విజ్ఞానం కాదు. ఎంత, ఎప్పుడు, ఎక్కడ, ఏమి చేయాలి అన్న నాలుగు ముక్కలు. మర్నాడు తన కార్యాలయంలో కలం పట్టుకొనే ప్రతి ఇంజనీరు కోసమూ అవే నాలుగు ప్రశ్నలు మరొక మనిషి కళ్ళలో ఎదురుచూస్తూ ఉంటాయి.