పొగ మానితే ఇప్పుడేం లాభం?



ఆయాసంతో మా ఆసుపత్రికి వచ్చేవారి నోట రెండు మాటలు తరచుగా వింటుంటాము. "చుట్ట కాలిస్తేనే పొద్దున్నే కళ్లె కదులుతుందండీ" అన్నది ఒకటి. "ఇన్నేళ్లు తాగాక ఇప్పుడు మానితే ఏం లాభం?" అన్నది రెండవది. ఈ రెండింటికీ జవాబు మన శ్వాసనాళాల లోపలి పొరలో ఉంది.

దేవుడు పెట్టిన కాపలా

ఈ పొరలో కొన్ని కణాలు పలుచని జిగురును తయారుచేస్తాయి. పీల్చిన గాలిలోని దుమ్ము, సూక్ష్మక్రిములు దానికి అంటుకుంటాయి. మరికొన్ని కణాల మీద సీలియా అనే అతి సన్నని నూగు ఉంటుంది. గాలికి వరిచేను ఊగినట్లు ఈ నూగు సెకనుకు 10 సార్లకు పైగా కదులుతూ, ఆ జిగురును గొంతువైపు నెడుతుంది. మనకు తెలియకుండానే దానిని మింగేస్తాము. అడుగున ఉండే మూలకణాలు, పాడైన కణాల స్థానంలో కొత్తవాటిని పుట్టిస్తాయి.

పొగ చేసే హాని

పొగ తగిలేకొద్దీ నూగు మందగించి, పొట్టిదై, రాలిపోతుంది. జిగురు కణాలు పెరిగి చిక్కని కళ్లెను పోస్తాయి. మూలకణాలు కూడా దారి తప్పి, నూగు లేని చదునైన కణాలను పుట్టిస్తాయి. ఊడ్చేవారు లేని ఇంట్లో చెత్త పేరుకున్నట్లు కళ్లె పేరుకుపోతుంది. దానిని బయటికి పంపడానికి ఇక దగ్గే దిక్కు. చుట్ట కళ్లెను తెస్తోందని మనం అనుకుంటాము గాని, ఆ కళ్లెను పెంచినదీ, ఊడ్చే నూగును చంపినదీ ఆ చుట్టే.

2 మిల్లీమీటర్ల కంటే సన్నని నాళాలు వాచి, గోడలు మందమై ఇరుకవుతాయి. పొగకు చేరిన రక్షక కణాలు విడిచే ఎంజైములు గాలిగదుల గోడలను కరిగిస్తాయి. దీర్ఘకాలపు ఈ జబ్బునే సి.ఓ.పి.డి. అంటారు. బీడీలో పొగాకు తక్కువే అయినా దాని పొగ సిగరెట్టు పొగకు తీసిపోదు. ఉత్తరాంధ్రలో నిప్పు నోటిలోపల పెట్టి అడ్డపొగ తాగే అక్కచెల్లెళ్లకూ ఈ మాట వర్తిస్తుంది. పొగ తాగకపోయినా, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి దగ్గర వంట చేసినవారికి ఈ జబ్బు రావచ్చు.

మానితే కలిగే మేలు

కరిగిపోయిన గాలిగదులు తిరిగి రావు. ఇది దాచకుండా చెప్పవలసిన నిజం. అయితే నాళాల లోపలి పొర చాలావరకు కోలుకోగలదు. మానిన కొన్ని వారాల నుండి నెలలలోపు నూగు తిరిగి పనిచేయసాగుతుంది. మొదట్లో కొందరికి దగ్గు ఎక్కువైనట్లుంటుంది, భయపడి మళ్లీ ముట్టించకండి. ఊపిరి శక్తి తగ్గిపోయే వేగమూ నెమ్మదిస్తుంది. బ్రిటన్ శాస్త్రజ్ఞులు 16 మంది శ్వాసనాళాల కణాలను పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించారు. పొగాకు వల్ల జన్యువులు అంతగా దెబ్బతినని కణాలు, ఇంకా తాగుతున్నవారిలో కంటే మానినవారిలో 4 రెట్ల వరకు ఎక్కువగా కనిపించాయి.

మీరు చేయవలసినవి

• దగ్గు, కళ్లె, మెట్లెక్కితే ఆయాసం ఉంటే స్పైరోమెట్రీ పరీక్ష చేయించుకోండి. గట్టిగా ఊదడమే, నొప్పి ఉండదు.
• ఇన్‌హేలరు వాడుతున్నాం కదా అని పొగ కొనసాగించకండి.
• కళ్లెలో రక్తం పడితే ఆలస్యం చేయక డాక్టరును కలవండి.
• మానడానికి సలహా కోసం 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

సంఘ కుటుంబాలకు మా మనవి ఒక్కటే. పొగ తాగే సహోదరుని తీర్పు తీర్చకండి. ఒకసారి మాని మళ్లీ మొదలుపెట్టినా విసుగుకొనక, ప్రార్థనతో పాటు తోడు నిలిచి డాక్టరు వద్దకు తీసుకురండి. మన దేహాన్ని దేవుడిచ్చిన ఆలయంగా ఎంచుకుంటే, దానిని ఏ వయసులోనైనా శుభ్రపరచుకోవచ్చు.