సెల్ఫ్ మోటారుది కాని తప్పు

బటన్ నొక్కితే 'టక్' మని చప్పుడొచ్చి బండి ఎత్తుకోకపోతే చాలామంది ముందు స్టార్టర్ మోటారునే అనుమానిస్తారు. దాన్ని విప్పించి, కొత్తది వేయించాక కూడా అదే 'టక్' వినబడుతుంది. మోటారు కన్నా ముందు శంకించవలసింది దానికి కరెంటు చేరే దారిని. ఎలక్ట్రిక్ స్టార్టర్ చరిత్ర మొదట్లోనే దీనికి సాక్ష్యం ఉంది. క్యాష్ రిజిస్టర్లను కరెంటుతో తిప్పే పద్ధతి కనిపెట్టిన చార్లెస్ కెటరింగ్ ఒక సంగతి గ్రహించాడు: కొద్ది క్షణాలు తిరిగి ఆగిపోయే చిన్న మోటారు, ఆ కాసేపు తన స్థాయికి మించిన కరెంటు తీసుకున్నా కాలిపోదు. ఆ ఆలోచనే 1912 మోడల్ కాడిలాక్ కారులో సెల్ఫ్ స్టార్టరైంది. రెండేళ్లకు, 1914లో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తయారయ్యే ఇండియన్ మోటారు సైకిళ్లలో 'హెండీ స్పెషల్' అనే మోడల్ ఎలక్ట్రిక్ స్టార్టర్‌తో వచ్చింది. అది నిలబడలేదు. ఆ కాలపు బ్యాటరీలు అంత భారాన్ని మోయలేక త్వరగా డౌన్ అయ్యేవి. ఎలక్ట్రిక్ స్టార్టర్ మోటారు సైకిళ్ల మీద మామూలు విషయం కావడానికి దశాబ్దాలు పట్టింది.

కెటరింగ్ చూపిన ఆ కిటుకులోనే చిక్కు కూడా ఉంది. మోటారు చిన్నది, కాబట్టి కాసేపైనా కరెంటు భారీగా కావాలి. ఇంజను సైజును బట్టి అది పదుల ఆంపియర్ల నుంచి వంద దాకా పోవచ్చు. బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లటి పొడి పట్టిందనుకుందాం, లేదా ఎర్త్ వైరు బోల్టు కింద తుప్పు చేరిందనుకుందాం. దానివల్ల అడ్డు కేవలం 0.02 ఓములే పెరిగినా, 100 ఆంపియర్లు పారితే అక్కడ 2 వోల్టులు హరించుకుపోతాయి. మామూలు మల్టీమీటర్‌ను ఓముల మీద పెట్టి అంత చిన్న అడ్డును నమ్మకంగా పట్టుకోలేం. వైరు బాగానే ఉందని మీటరు చెబుతుంది, మోటారు మాత్రం తిరగదు. 'హారన్ మోగుతోంది, లైటు వెలుగుతోంది, బ్యాటరీకేం?' అని చాలామంది అడుగుతారు. 55 వాట్ల హెడ్‌లైట్ తీసుకునేది 5 ఆంపియర్ల లోపే. కుండెడు నీళ్లు మోయగలిగినంత మాత్రాన బండెడు బియ్యం మోయగలరని కాదు. అందుకే బండి ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపినా తృప్తిపడకూడదు. బటన్ నొక్కి ఉంచి, బ్యాటరీ కొసల మీదే కొలవాలి. 10 కన్నా బాగా కిందికి పడితే బ్యాటరీ నీరసించిందన్నమాట. మోటారుకు కరెంటు కలిపే రిలే ఒక్కసారి కాక 'టకటక' కొట్టుకోవడానికి కారణం కూడా తరచుగా ఇదే: కాంటాక్టు కలవగానే వోల్టేజీ పడిపోతుంది, రిలే కాయిల్ పట్టు వదిలేస్తుంది, భారం తగ్గగానే వోల్టేజీ లేస్తుంది, మళ్లీ కాంటాక్టు కలుస్తుంది. ఆ చప్పుడులో మోటారు దోషం ఏమీ లేదు.

బ్యాటరీ గట్టిగా ఉంటే, అప్పుడు దారిని కొలవాలి. బటన్ నొక్కి ఉంచి, బ్యాటరీ పాజిటివ్ నుంచి మోటారు టెర్మినల్ దాకా ఒకసారి, నెగటివ్ నుంచి ఇంజను బాడీ దాకా మరోసారి వోల్టులు చూడాలి. ఎక్కడైనా అరవోల్టుకు మించితే దొంగ ఆ ముక్కలోనే ఉన్నాడు: కేబుల్ కొస, రిలే కాంటాక్టు, ఎర్త్ బోల్టు. నొక్కడం 5 సెకన్లకు మించకూడదు. కెటరింగ్ ఆ మోటారుకు ఇచ్చిన మినహాయింపు క్షణాలకే.

మోటారు ఎప్పుడూ చెడదా అంటే, చెడుతుంది. కార్బన్ బ్రష్‌లు అరిగిపోతాయి. అయితే ఈ కొలత ఆ నేరాన్నీ తేలుస్తుంది: మోటారు టెర్మినల్‌కూ ఇంజను బాడీకీ మధ్య నిండు వోల్టేజీ ఉండి కూడా అది కదలకపోతే అప్పుడు విప్పవలసిందే. మోటారు గిర్రున తిరిగి ఇంజను కదలకపోతే మాత్రం విద్యుత్తు వెదుకులాట ఆపాలి. సాధారణంగా జారుతున్నది ఒకవైపే పట్టే క్లచ్. అసలు 'టక్' అన్నదే రాకపోతే ఫ్యూజు, బటన్, క్లచ్ లివర్ స్విచ్, న్యూట్రల్ స్విచ్, సైడ్ స్టాండ్ స్విచ్‌లను చూడాలి. ఇవి లావు కేబుల్ దారిలో లేవు, రిలేను కదిలించే సన్న వైర్ల దారిలో ఉన్నాయి. ఈ తేడా తెలియక కొత్త బ్యాటరీ కొనేవాళ్లకు జరిగే నష్టం చిన్నది కాదు, అందులోనూ కిక్ రాడ్డే లేని బళ్లు ఇన్ని తిరుగుతున్న రోజుల్లో.

ఇక నిజంగానే బ్యాటరీ డౌన్ అయి ఉంటే, కొత్తది పెట్టినంతలో పని పూర్తి కాదు. బండి స్టార్టు చేసి, కొద్దిగా రేజ్ చేసి, బ్యాటరీ మీద కొలిస్తే సుమారు 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. అంతకన్నా తక్కువుంటే స్టేటర్ గాని రెగ్యులేటర్ గాని సరిగ్గా చార్జి చేయడం లేదు. కొత్త బ్యాటరీకి కూడా కొద్ది రోజుల్లో అదే గతి.