తాతగారి కారుకు ఫైబర్ తొడుగు

ఇంటి వెనక షెడ్డులో టార్పాలిన్ కప్పుకుని ఓ పాత అంబాసిడర్ నిద్రపోతోందా? అయితే ఓసారి ముందు చక్రం వెనకాల, మడ్‌గార్డు కింది అంచుని వేలితో నొక్కి చూడండి. గట్టిగా తగిలితే అదృష్టవంతులు. అప్పడంలా పటుక్కున విరిగి ఎర్రటి పొడి రాలిందా... ఆ బాధ మీ ఒక్కరిదే కాదు.

తాతగారు కొన్న కారు. నాన్నగారు స్టీరింగ్ పట్టడం నేర్చుకున్న కారు. పెళ్లయ్యాక అమ్మ అత్తారింటికి వచ్చిన కారు. పాతసామాన్ల వాడికి తూకానికి ఇచ్చెయ్యడానికి మనసొప్పదు. రోడ్డు మీదికి తీద్దామంటే ఒంటి నిండా తుప్పు. ఇంజినుదేముంది, దాని గుట్టుమట్లు తెలిసిన మెకానిక్కులు ఇంకా ఉన్నారు. రేకుతోనే తంటా అంతా!

కొత్త మడ్‌గార్డు కొనుక్కుంటే సరి కదా అనిపిస్తుంది. కానీ కంపెనీయే లేదాయె. పశ్చిమ బెంగాల్లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 2014లో అంబాసిడర్ తయారీ ఆపేశారు. ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే, 2000 ప్రాంతంలోనే సెలవు తీసుకుంది. ముంబయి వీధుల్లో టాక్సీలుగా తిరిగిన ఆఖరి పద్మినులకు కూడా 2023 అక్టోబరులో వీడ్కోలు చెప్పేశారు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ సంగతి ఇక చెప్పక్కర్లేదు.

దాంతో విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుపేట లాంటి చోట్ల పాత భాగాల కోసం వేట మొదలవుతుంది. దొరికిన మడ్‌గార్డుకూ ఎంతో కొంత తుప్పు ఉండనే ఉంటుంది. చేయి తిరిగిన టింకరింగ్ మేస్త్రీ ఎవరైనా ఉంటే కొత్త రేకును సుత్తితో కొట్టి వంపులు తెస్తాడు. అలాంటి పనితనానికి రోజులు పడుతుంది, డబ్బూ పడుతుంది. సరిగ్గా ఈ దశలోనే ఎవరో ఒకరు చెవిన వేస్తారు... 'ఎందుకండీ ఈ యాతన, ఫైబర్‌ది వేయించెయ్యండి. జన్మలో తుప్పు పట్టదు' అని.

తుప్పు పట్టదన్న మాట నిజమే. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఉన్నవాళ్లకి ఆ ఒక్క గుణమే చాలు మనసు లాగెయ్యడానికి. అయితే డబ్బు చేతులు మారేముందు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

పడవల నుంచి కార్లకు

ఈ ఫైబర్ పుట్టుకే ఓ తమాషా. 1932లో అమెరికాలోని ఓవెన్స్-ఇల్లినాయ్ గాజు కంపెనీలో డేల్ క్లీస్ట్ అనే యువ పరిశోధకుడు రెండు గాజు దిమ్మెల్ని అతికించే ప్రయత్నంలో ఉన్నాడు. అనుకోకుండా గాలి ధార ఒకటి కరిగిన గాజుకు తగిలింది. ఆ గాజు సన్నని పోగులుగా చెదిరిపోయింది. అదే గాజుపీచు. దానికి రెసిన్ పట్టించి ఆరబెడితే ఏ వంపులోకైనా ఒదిగి బండలా గట్టిపడుతుందని తేలాక మొదట దాన్ని అక్కున చేర్చుకున్న వాళ్లలో పడవలవాళ్లు ముఖ్యులు. కాలిఫోర్నియాలో గ్లాస్‌పార్ పడవలు చేసే బిల్ ట్రిట్ 1950ల మొదట్లో ఓ సైనికాధికారి జీపుకు ఫైబర్ ఒళ్లు తొడిగి ఔరా అనిపించాడు. 1953లో జనరల్ మోటార్స్ ఏకంగా ఫైబర్ బాడీతో షెవర్లే కార్వెట్‌ను తెచ్చింది. ఆ ఏడాది చేసినవి 300 కార్లే. అన్నీ తెలుపే!

మన దగ్గరా అంతే. కోస్తా తీరంలో చెక్క పడవల స్థానాన్ని ఫైబర్ బోట్లు ఎప్పుడో ఆక్రమించేశాయి. సినిమా సెట్టింగుల్లో స్తంభాలూ, కూడళ్లలో కొన్ని విగ్రహాలూ ఈ సరుకే. కార్ల విషయానికొస్తే, 1980ల్లో బెంగళూరు నుంచి వచ్చిన సిపానీ డాల్ఫిన్ గుర్తుందా? ఆ బుల్లికారు ఒళ్లంతా ఫైబరే. కాబట్టి ఫైబర్ అనగానే 'నాసిరకం' అని ముఖం చిట్లించాల్సిన పనిలేదు. ఎవరు చేశారు, ఎలా చేశారు అన్నదే అసలు సంగతి.

అచ్చు ఎవరిది?

ఫైబర్ మడ్‌గార్డు తయారీ మన అరిసెల చెక్క కన్నా పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ముందు అసలు మడ్‌గార్డు మీద నుంచి అచ్చు తీస్తారు. అచ్చు లోపల అంటుకోకుండా మైనం రాస్తారు. దాని మీద జెల్‌కోట్ అనే నున్నటి పూత. అది కాస్త ఆరాక గాజుపీచు చాప... దీన్నే మ్యాట్ అంటారు... పరిచి, హార్డెనర్ కలిపిన రెసిన్‌ను బ్రష్షుతో తాపడం చేస్తూ, రోలరుతో గాలిబుడగలు లేకుండా నొక్కుతూ పొర మీద పొర వేస్తారు. ఆరాక ఊడదీస్తారు. అంతే!

ఇక్కడే ఉంది కిటుకు. అచ్చు తీసిన మడ్‌గార్డు ఎప్పుడో గుద్దుకుని సొట్ట తీయించుకున్నదైతే, ఆ వంకర ఆ అచ్చులో పుట్టిన ప్రతి పిల్లకీ వస్తుంది. పైగా రెసిన్ గట్టిపడేటప్పుడు కాస్త కుంచించుకుపోతుంది. మిల్లీమీటర్ల తేడాయే. కానీ తలుపుకీ మడ్‌గార్డుకీ మధ్య సందు పైన వేలు పట్టేంత, కింద గోరు దూరనంతగా కనిపించేది ఆ తేడా వల్లే. అందుకే అమ్మేవాణ్ని ధర కంటే ముందు అడగాల్సిన ప్రశ్న 'అచ్చు దేని మీద తీశారు?' అని. మన కారు మోడల్ చెప్పడం కూడా మరవొద్దు. అంబాసిడర్లన్నీ ఒకేలా ఉంటాయనుకుంటాం గానీ మార్క్-2 ముక్కు వేరు, మార్క్-4 ముక్కు వేరు.

సరుకు చేతికొచ్చాక తిరగేసి చూడండి. పైన ఎంత నున్నగా మెరిసినా జాతకం అడుగునే ఉంటుంది. పీచు తెల్లగా, పొడిపొడిగా కనిపిస్తే రెసిన్ చాల్లేదని అర్థం. రెసిన్ మడుగులు కట్టి గడ్డల్లా ఉన్నా ప్రమాదమే, అక్కడ పెళుసుగా పగులుతుంది. ఎండకెదురుగా పట్టుకుంటే పలచని చోట్లు వెలుతురులో తెలిసిపోతాయి. మొత్తం నల్లరంగు పూసేసి ఉంటే మాత్రం వెలుతురు పరీక్ష కుదరదు. అప్పుడు వేలి కణుపుతో తట్టుకుంటూ పోవాలి, కుండ కొనేటప్పుడు చూసినట్టు. ఒకచోట ఖంగుమని పక్కనే బొదబొదమంటే లోపల పొరలు విడిపోయాయన్నమాట.

మందం ఎంతుండాలి? చదరపు మీటరుకు 450 గ్రాములుండే మ్యాట్ ఒక్కో పొర దాదాపు ఒక మిల్లీమీటరు మందం ఇస్తుంది. మడ్‌గార్డుకు మూడు పొరలైనా ఉంటే నయం. అలా చేసినా చదరపు మీటరుకు నాలుగున్నర కిలోలే తూగుతుంది. అదే ఒక మిల్లీమీటరు ఇనుప రేకైతే ఎనిమిది కిలోలకు కాస్త తక్కువ. ఒక్క పొరతో సరిపెట్టేసి 'తేలిగ్గా ఉందండీ' అని మురిపించే సరుకు మన గోతుల రోడ్ల మీద ఎన్నాళ్లుంటుందో ఊహించుకోవచ్చు.

రెసిన్ వాసన ఇంకా గుప్పున కొడుతోందా? అయితే అది పచ్చి సరుకు. తొందరపడి రంగు వేయిస్తే తర్వాత రంగు కింద నుంచి పీచు గీతలు తేలతాయి. కొన్నాళ్లు సరిగ్గా ఆరనిచ్చి, బోల్టులతో కారుకు బిగించి చూసుకుని, ఆ తర్వాతే పెయింటర్ దగ్గరికి పంపాలి. గోడకు చేరవేసి వదిలేస్తే అలాగే వంగిపోతుంది. పాత రంగు ఊడదీసే రసాయనాన్ని దీని మీద పొయ్యనివ్వకండి, రెసిన్‌నే తినేస్తుంది.

చర్మమే, ఎముక కాదు

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. ఆ కారుకు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 లాగే ఫ్లోరూ, తలుపుల కింద పెట్టెల్లా ఉండే రేకులూ, స్తంభాలూ అన్నీ కలిసే బరువు మోస్తాయి. బోల్టులతో బిగించే ముందు మడ్‌గార్డు పై తొడుగు లాంటిది. అది ఫైబర్‌దైనా నష్టం లేదు. కానీ తలుపు కింది పెట్టె పుచ్చిపోతే? సస్పెన్షన్ బిగించే చోట రేకు చిల్లులు పడితే? అక్కడ మ్యాట్ ముక్క అంటించి, లప్పం పెట్టి, నల్లటి అండర్‌కోటింగ్ కొట్టేస్తే పైకి కొత్త పెళ్లికూతురులా ఉంటుంది. ఏ రోజో పెద్ద గోతిలో పడితే ఫట్టుమంటుంది. అక్కడ కావాల్సింది తుప్పు రేకును కోసి పారేసి, కొత్త రేకు పెట్టి వెల్డింగ్ చెయ్యడమే. బ్రిటన్‌లో వాహనాల వార్షిక తనిఖీలో బరువు మోసే భాగాలకు ఇలా ఫైబర్ అతుకులు వేస్తే ఒప్పుకోరు.

తలుపుల విషయంలోనూ జాగ్రత్త. అద్దమూ, తాళమూ, కీలూ అన్నిటినీ మోసేది తలుపే. పక్కనుంచి ఏ వాహనమైనా గుద్దితే పిల్లలకు అడ్డం ఉండేదీ అదే. కాస్త ఖర్చయినా ఇనుప తలుపును బాగుచేయించుకోవడమే మేలు. ఫైబర్ బానెట్ వేయించుకుంటే మాత్రం కొక్కెం దగ్గర లోపల ఇనుప పట్టీ ఇచ్చారో లేదో చూడాలి. లేకపోతే వేగంలో గాలికి లేచి అద్దం మీద పడే ప్రమాదం ఉంది.

పాత కారు కొనబోయేవాళ్లకు ఇందులోనే ఓ చిట్కా. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం ఉంటుంది కదా, దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి జేబులో వేసుకెళ్లండి. కారు చుట్టూ తిరుగుతూ ఆనించి చూడండి. అంటుకోని చోట ఫైబరో, మందంగా పెట్టిన లప్పమో ఉన్నట్టే. మడ్‌గార్డు దగ్గరైతే సరేలే అనుకోవచ్చు. తలుపు కింది పెట్టె దగ్గర కూడా అంటుకోకపోతే బేరం అక్కడితో ఆపెయ్యడం ఆరోగ్యం.

లైటు ఎందుకు వెలగదు?

ఫైబర్ మడ్‌గార్డు బిగించిన రోజు సాయంత్రం చాలా షెడ్లలో జరిగే ముచ్చట ఇది. బల్బు బాగుంటుంది, వైరు బాగుంటుంది, లైటు వెలగదు. పాత కార్లలో బల్బుకు ఒక వైరే వస్తుంది. రెండోది... అంటే ఎర్త్... ఇనుప మడ్‌గార్డే. ఫైబర్‌లో కరెంటు పారదు కాబట్టి హెడ్‌లైటుకీ, ఇండికేటరుకీ విడిగా ఓ ఎర్త్ వైరు లాగి ఇనుప బాడీకి బిగించాలి. లైటు గూడు కాస్త వంకరగా వచ్చినా వెలుగు రోడ్డు మీద కాకుండా చెట్ల కొమ్మల మీద పడుతుంది. అదీ సరిచూసుకోవాలి. అన్నట్టు కార్వెట్‌కీ ఇలాంటి చిక్కే వచ్చింది. ఇనుప ఒళ్లు లేకపోవడంతో ఇంజిన్ స్పార్కుల రొద అడ్డూ ఆపూ లేకుండా రేడియోలో వినిపించేది. దాంతో రేడియో పెట్టిన కార్లలో ఇగ్నిషన్‌కు లోహపు కవచాలు తొడిగారు.

బోల్టులు బిగించేటప్పుడు పెద్ద వాషర్లు వాడాలి. ఇనుముకు బిగించినంత బలంగా బిగిస్తే ఫైబర్ చిట్లుతుంది. చక్రాలు ఎగజిమ్మే రాళ్లు అడుగు నుంచి తగిలితే పైన సాలెగూడులాంటి పగుళ్లు వస్తాయి కాబట్టి లోపలివైపు మందపాటి పూత వేయించడం మంచిది. ఇక ఇంట్లోనే రెసిన్ కలుపుదామని సరదాపడే వాళ్లకో హెచ్చరిక. హార్డెనర్‌నూ, యాక్సిలరేటర్ అనే మరో ద్రావకాన్నీ నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ పొయ్యకూడదు. పేలుతుంది. రుద్దేటప్పుడు లేచే దుమ్ముకు ముక్కుకు మాస్కు, ఒంటికి నిండు చొక్కా తప్పనిసరి. లేదంటే రాత్రంతా గోక్కుంటూ కూర్చోవాలి.

కాగితాల సంగతి

కారు వయసు 50 ఏళ్లు దాటిందా? అయితే డబ్బాలో ఉన్న ఆర్సీ పుస్తకం బయటికి తియ్యండి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన, వ్యాపారానికి వాడని వాహనాలు 'వింటేజ్' కింద నమోదవుతాయి. 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త నమోదుకు 20 వేల రూపాయలు, గడువు పదేళ్లు. ప్రదర్శనలూ, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతులకు తీసుకెళ్లొచ్చు గానీ రోజూ ఆఫీసుకు వేసుకెళ్లే వీల్లేదు. అసలు మెలిక ఏమిటంటే, వాహనం మూలరూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో చెప్పుకోదగ్గ మార్పులు చేసి ఉండకూడదు. అదే ఆకారంలో ఉన్న ఓ ఫైబర్ మడ్‌గార్డు వేరు, ఒళ్లంతా ఫైబర్‌తో మార్చేసిన కారు వేరు. బిగించాక బాధపడే కన్నా ముందే రవాణా కార్యాలయంలో కనుక్కోవడం నయం. పాత కార్ల పోటీల్లోనైతే న్యాయనిర్ణేతలు అసలు భాగాలకే పెద్దపీట వేస్తారు. ఫైబర్ కారైన కార్వెట్‌లోనూ ఈ పట్టింపు ఉందంటే నమ్ముతారా! రెండు అచ్చుల మధ్య నొక్కి చేసిన కంపెనీ భాగానికి రెండువైపులా నునుపే. బయట చేత్తో చేసిన భాగానికి ఒకవైపే నునుపు. అభిమానులు బానెట్ ఎత్తి కింద చెయ్యి పెట్టి తడిమి చూస్తారు.

బీమాలో మాత్రం ఫైబర్‌కు కాస్త మర్యాద ఎక్కువే. మన దేశంలోని మామూలు సమగ్ర పాలసీల్లో ప్రమాదం తర్వాత భాగాలు మార్చినప్పుడు ఫైబర్‌గ్లాస్‌కు 30 శాతం తరుగు తీస్తారు. పదేళ్లు దాటిన కారు ఇనుప భాగాలకైతే 50 శాతం. కాకపోతే ఫైబర్ బిగించిన సంగతి పాలసీ తీసుకునేటప్పుడే చెప్పి రాయించుకోవాలి.

ఇక ఊడదీసిన ఆ తుప్పు మడ్‌గార్డు ఉంది చూశారూ, దాన్ని షెడ్డువాడికి వదిలెయ్యకండి. వదులుగా ఉన్న తుప్పు గీకించి, నూనె పట్టించి, గోనెసంచిలో చుట్టి అటకెక్కించండి. రేపు మంచి మేస్త్రీ దొరికితే కొత్త రేకు కొట్టడానికి కొలత అదే. ఎవరైనా సరైన అచ్చు తీద్దామన్నా, వంపులు చెప్పగలిగేదీ అదొక్కటే.