సేద్యగాని ఇంట పశువుల లెక్క

ఉర్దూ, తెలుగు భాషలు రెండూ వినిపించే మన కళాశాలలో 'రైతు' అనే మాటతో ఈ వ్యాసం ప్రారంభించడం సముచితమని మా అభిప్రాయం. అచ్చ తెనుగు మాటగా తోచే ఈ పదం అరబ్బీ నుంచి పారశీ, ఉర్దూల మీదుగా మనకు సంక్రమించింది. దాని మూలపదానికి తొలి అర్థం కాపరి కాచే మంద. తరువాత అది ప్రభువు ఏలుబడిలోని ప్రజలకు, ఆపైన భూమిని దున్నుకొనే వారికి పేరైనది. మందకూ సేద్యానికీ గల బంధం ఆ విధంగా రైతు పేరులోనే దాగి ఉన్నది. ఆ బంధం మా ఇంట ఎట్లు నడిచినదో, ఇప్పుడెందుకు సడలుతున్నదో వివరించడమే ఈ వ్యాసోద్దేశం.

మాది నంద్యాల ప్రాంతపు నల్లరేగడి నేల, ఐదెకరాల సేద్యం. నిరుటి వేసవి వరకు మా కొట్టంలో ఒక జత ఎద్దులు, రెండు ఎనుములు, నాలుగు మేకలు ఉండేవి. తెల్లవారుజామున అందరికంటె ముందు లేచేది మా అమ్మ. పేడ ఎత్తి దిబ్బకు చేర్చడం, కొట్టం ఊడ్వడం, పాలు పితకడం ఆమె పనులు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, తవుడు కలిపి కుడితి పెట్టేది మా అవ్వ. ఎద్దులకు చొప్ప వేసి, ఉడికించిన ఉలవలు పెట్టి, కాడి కట్టేది మా నాయన. బడికి వెళ్లే లోపల మేకలకు ఆకు తేవడం మా వంతు. ఇంట సెలవు దినమంటూ ఒకటి ఉండేది కాదు. పశువుకు ఆదివారం తెలియదు గదా!

ఈ శ్రమ వెనుక ఒక చక్కని ఏర్పాటు ఉన్నది. జొన్న వేస్తే గింజ మనిషికి, చొప్ప పశువుకు, పశువు పేడ తిరిగి నేలకు చేరేవి. ఒక చోట మిగిలినది మరొక చోటికి ఆహారమయ్యేది. ఏరువాక సాగిన నాటి నుంచి ఎద్దులు గుంటక తోలడానికి, గొర్రుతో విత్తడానికి, సాళ్ల నడుమ దంతె తోలి కలుపు తీయడానికి, చివరకు బండి మీద పంట ఇల్లు చేర్చడానికి పనికి వచ్చేవి.

మరి అటువంటి ఎద్దులను మేమెందుకు అమ్ముకున్నాము? దీనికి నాయనను తప్పుపట్టడం న్యాయం కాదు. మా ప్రాంతంలో జొన్న తగ్గి శనగ, పత్తి పెరిగాయి. పత్తి కట్టె పశువుకు మేత కాదు. శనగ పొట్టు కొంతవరకు పనికివచ్చినా చొప్పకు సాటి రాదు. అందువల్ల మేత కొనవలసి వచ్చింది. జత ఎద్దులు దినమంతా నడిచినా ఎకరం దున్నడం కష్టం; ట్రాక్టరుకు అది గంట పని. వాన పడిన తరువాత పదును ఆరిపోయే లోపల విత్తనం పడాలి. ఆ తొందరలో ట్రాక్టరుదే పైచేయి. పైగా పని ఉన్నది ఏడాదిలో కొన్ని నెలలే. మేత మాత్రం పన్నెండు నెలలూ వేయవలసిందే.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. దేశంలో 2012 నాటి పశుగణనలో ఎద్దులు, కోడెలు మొదలైన మగపశువులు సుమారు 6.8 కోట్లు ఉండగా, 2019 నాటి గణనలో సుమారు 4.7 కోట్లకు తగ్గాయి. అదే కాలంలో ఆవులు, పెయ్యలు సుమారు 12.3 కోట్ల నుంచి 14.5 కోట్లకు పెరిగాయి. పాలిచ్చే పశువు నిలిచింది. కాడి మోసే పశువు తొలగింది.

అమ్మకం మాట వచ్చిన రాత్రి నాయన కాగితం మీద లెక్క వేశాడు. మేత ఖర్చు ఒక వైపు, దున్నకం బాడుగ ఒక వైపు. ట్రాక్టరే చవక అని తేలింది. అప్పుడు అవ్వ ఒకే మాట అన్నది: "దున్ననీకి ట్రాక్టరు వస్తాది నాయనా, పెంట వేయనీకి ఏమొస్తాది?" నాయన బదులు చెప్పలేదు. మరునాడు ఎద్దులను సంతకు తోలుకొని పోయాడు. పలుపులు మాత్రం కొన్నవారికి ఇవ్వక ఇంటికి తెచ్చి కొట్టంలో కొయ్యకు తగిలించాడు.

అవ్వ ప్రశ్నకు మేము చదివిన చదువుతో జవాబు వెదికాము. ఒక్కొక్క ఎద్దు దినానికి పది కిలోల పేడ వేస్తుందనుకొంటే జతకు ఏడాదిలో ఏడు టన్నులకు పైగా అవుతుంది. మాగి ఆరిన తరువాత అందులో సగం మిగిలినదనుకొందాము. పశువుల ఎరువులో నత్రజని నూటికి అర వంతు మాత్రమే గనుక, ఆ మూడున్నర టన్నులలో ఉండేది సుమారు 17 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 20 కిలోల నత్రజని ఉంటుంది. దాని ధర మూడు వందల రూపాయల లోపే. ఈ లెక్క చూసి నాయనే గెలిచాడని తలచాము.

అయితే ఈ ఏడాది ఎనుముల పేడ చాలక ఒక ట్రాలీ పెంట కొనబోతే వేల రూపాయలు అడిగారు. ఒక బస్తా యూరియాకు సమానమైన వస్తువుకు అంత వెల ఎందుకు? పెంటలో ఉన్నది నత్రజని ఒక్కటే కాదు. అందులో భాస్వరం, పొటాషు, సూక్ష్మపోషకాలు ఉన్నాయి. అన్నిటికంటె ముఖ్యంగా సేంద్రియ పదార్థం ఉన్నది. అది మట్టిని గుల్లపరచి, వాన నీటిని ఇంకించి, పదునును మరికొన్ని దినాలు నిలుపుతుంది. వానాధారపు సేద్యంలో ఆ కొన్ని దినాలే పంటకు ప్రాణం. ఈ గుణం యూరియా బస్తాలో లేదు.

ఇందులో మేము గ్రహించిన విషయం ఒకటి కలదు. నాయన లెక్కలో కాడి లాగిన పని మాత్రమే ఉన్నది. పేడ ఎత్తిన పని, దిబ్బ పెంచిన పని అందులో లేవు. అవి ఆడవారి చేతి పనులు; వాటికి కూలి ఎవరూ కట్టలేదు గనుక కాగితం మీదికి ఎక్కలేదు. ఎనుముల సంగతీ అంతే. ఎనుము చూడి కాలం సుమారు 310 దినాలు. అది ఎదకు వచ్చిన లక్షణాలు పైకి స్పష్టంగా కనబడవు. ఒకసారి గమనించక పోతే మరి మూడు వారాలు ఆగవలసిందే. మా ఇంట ఆ సంగతి కనిపెట్టేది అమ్మ. పాల డబ్బు లెక్కలో ఉన్నది గాని, అమ్మ చూపుకు లెక్కలో చోటు లేదు.

ఎద్దులను తిరిగి కొనాలని మేము వాదించడం లేదు. అమ్మకు రెండు పశువుల చాకిరి తగ్గిన మాట కూడా నిజమే. అయితే కాడెద్దులు పోయిన ఇంట నేలకు రావలసిన వాటా ఎట్లు వస్తుందో ముందుగా ఆలోచించుకోవాలి. ఈ వేసవిలో మేము గొర్రెల కాపరులతో మాట్లాడి, మూడు రాత్రులు మందను పొలంలో నిలిపించాము. ఒక ఎకరంలో మళ్లీ జొన్న వేయాలని నిశ్చయించాము. ఎనుములకు చొప్ప అయినా ఇంటిది ఉంటుంది.

ఇకమీదట లెక్క కాగితం ముందు అమ్మ, అవ్వ కూడా కూర్చోవాలని మేము నాయనతో చెప్పాము. ఆయన నవ్వి, కాగితం మా చేతికిచ్చాడు. మొదటి పద్దుగా పెంట అని వ్రాసినది మేమే. దాని కింద ఎంత అని చెప్పినది అవ్వ.