పీచు మిఠాయి

హైదరాబాదు నగరమున మాదాపూరు ప్రాంతము నలువది యేండ్ల క్రిందట బండరాళ్లును, చెరువులును, వాని నడుమ చిన్న పల్లెలును గల చోటు. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిన పిమ్మట ఆ చోటి రూపే మారిపోయెను. నేడచట అద్దాల మేడలు, పైవంతెనలు, 2019లో వచ్చి చేరిన మెట్రో రైలు. ఇన్ని క్రొత్తల నడుమ సాయంకాలము కూడలిలో ఎఱ్ఱదీపము వెలుగగానే పాత వస్తువొకటి కార్ల మధ్యకు నడచి వచ్చును. పొడుగాటి కఱ్ఱకు గులాబిరంగు సంచులు గుత్తులు గుత్తులుగా వ్రేలాడుచుండును. అదియే పీచు మిఠాయి.

దానిని కొనువారందఱును పిల్లలు గలవారని తలంపరాదు. మెడలో కార్యాలయపు గుర్తింపు పట్టీ వేసికొన్న యువతీయువకులు తమ కొఱకే కొనుటయు కద్దు. చేతిలోని ఫోనున వ్రేలు తాకించినచో ఏ దేశపు చాక్లెట్టయినను పావుగంటలో ఇంటి గుమ్మము చేరు ఈ దినములలో, ఇంత సామాన్యమైన తీపికి ఆకర్షణ ఎట్లు నిలిచినది?

మొదట దాని పేర్లను చూతము. పీచు అనగానే మనకు కొబ్బరికాయ జ్ఞప్తికి వచ్చును. తెలుగువాడు దీని నారను చూచి పేరు పెట్టినాడు. హైదరాబాదులో ఉర్దూ మాటాడువారు దీనిని బుడ్ఢీ కే బాల్ అందురు, ముసలమ్మ జుట్టని అర్థము. తమిళులకిది పంజు మిఠాయి, అనగా దూది మిఠాయి. ఫ్రెంచివారు నాన్నగారి గడ్డమనిరి. వీరిలో ఎవరును దీనికి ముఖ్యముగ రుచిని బట్టి పేరు పెట్టకపోవుట గమనింపదగినది. రుచి యేమున్నది? ఉత్త పంచదారయే గదా! అందఱును చూచినది దాని రూపమునే.

ఆ రూపము ఏర్పడు విధము ముచ్చటైనది. యంత్రమున వెడల్పైన పళ్లెము నడుమ చిన్న గిన్నె యుండును. గిన్నెకు అడుగున సెగ తగులుచుండును. పంచదార సుమారు 186 డిగ్రీల సెంటిగ్రేడు వేడి వద్ద కరగి పాకమగును. గిన్నె నిమిషమునకు కొన్ని వేల చుట్లు తిరుగుటచే, చల్ల చిలుకునపుడు తుంపరలు కుండ అంచుల కెగసినట్లు, ఆ పాకము గిన్నె అంచునగల సన్నని రంధ్రముల గుండ బయటకు చిమ్మును. బయటి గాలి తగిలిన మఱుక్షణమే గట్టిపడి, తలవెండ్రుక కంటె సన్నని దారమగును. అంత త్వరగా చల్లారుటచే పంచదార తిరిగి పలుకులు కట్టుటకు వ్యవధి దొరకదు. గాజు వంటి స్థితిలోనే నిలిచిపోవును. హైటెక్ సిటీ మేడల అద్దములకును, వాని నీడన అమ్ముడుపోవు ఈ మిఠాయికిని ఈ విధముగా చుట్టరికము కలదన్న మాట. సుమారు 30 గ్రాముల పంచదార పిల్లవాని తలకంటె పెద్ద పొత్తియగును. తక్కినదంతయు గాలి.

ఈ గాజునకు తేమ శత్రువు. గాలిలో తేమ నూటికి 75 పాళ్లున్న దినమున విప్పిన మిఠాయి గంట సేపటిలో ముడుచుకొని జిగురు ముద్దయగును. పొడిగాలిలో కొన్ని దినములు నిలుచును. చేతితో లాగి నారదీయు సోన్ పాపిడి దీనికి బంధువే గాని, అందు నెయ్యియు పిండియు చేరుటచే అది డబ్బాలో కెక్కి దేశమంతయు తిరుగగలిగినది.

ఈ యంత్రమును 1897లో అమెరికాలోని నాష్‌విల్ నగరమున విలియం మారిసన్, జాన్ వార్టన్ అను నిరువురు కల్పించిరి. వార్టన్ మిఠాయిలు చేయువాడు. మారిసన్ దంతవైద్యుడు! పండ్లు పుచ్చినపిమ్మట తనయొద్దకే వత్తురని తలచెనో యేమో. 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనమున వారు దీనిని పెట్టె 25 సెంట్ల చొప్పున 68,655 పెట్టెలు అమ్మిరి. ఆ దినములలో ఆ వెల తక్కువది కాదు. జనులు వెల యిచ్చినది యంత్రపు వింతకని చెప్పవలెను.

బ్రిటనులో దీనికి పోలికగల మిఠాయి యొకటి కలదు. ఫ్లంప్స్ అను పేరుగల మార్ష్‌మెలో అది. గులాబి, పసుపు, నీలము, తెలుపు రంగుల పోగులు త్రాడు వలె మెలివేసి యుండును. అచటి పెద్దలు తమ బడి దినములను తలచుకొనుచు ఇప్పటికిని దానిని కొందురు. అదియు పంచదారయు గాలియు కలిసినదే. కాని దానిలోని గాలిని జెలటిన్ పట్టి యుంచును. కావున అది వారముల తరబడి నిలువయుండి, కర్మాగారపు ముద్ర వేసికొని, అంగడి అలమారులలో చేరినది. మన పీచు మిఠాయికి అట్టి నిలుకడ లేదు. కొన్న చోటనే తినవలెను. అందువలన దానికి పెద్ద కంపెనీ గాని, ప్రకటనలు గాని ఏర్పడలేదు. జాతరకొక మనిషి, తిరునాళ్లకొక యంత్రము. గుంటూరు నుండి, కరీంనగరు నుండి ఉద్యోగమునకై మాదాపూరు చేరినవారికి ఆ గులాబి సంచిని చూడగానే తమ ఊరి జాతరయే కనబడును. నోట వేసికొన్న క్షణమున కరగి మాయమగుటయు దాని ఆకర్షణలో భాగమే. కడుపు నిండని తీపి మఱల మఱల కోరబడుచుండును.

అయితే ఇటీవల దీనికొక అపకీర్తి వచ్చినది. 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు ప్రభుత్వములు పరీక్షలు చేయింపగా గులాబిరంగు మిఠాయిలో రోడమిన్-బి అను రసాయనము కనబడెను. ఇది బట్టలకును, కాగితములకును వేయు రంగు. ఆహారమున వాడుట మన దేశపు చట్టము ఒప్పదు. ఆ రెండు ప్రభుత్వములును అమ్మకమును నిషేధించినవి. మార్చి నెలలో కర్ణాటక ప్రభుత్వము ఆ రంగును కలుపుటను నిషేధించుచు, రంగు లేని తెల్ల మిఠాయికి అడ్డు చెప్పలేదు.

కర్ణాటకవారి త్రోవయే నాకు సమంజసముగ తోచుచున్నది. ఆహారమునకు అనుమతిగల ఎఱ్ఱరంగులు లేకపోలేదు. కాని వాని వెల ఎక్కువ, చిటికెడు బట్టలరంగు చవుక. కఱ్ఱ భుజాన వేసికొని పొద్దంతయు ఎండలో నిలుచువానికి చేతికందిన రంగు పొడి యేదో చాలసార్లు వానికే తెలియదు. కంటితో చూచి ఇది మంచి రంగు, ఇది చెడు రంగు అని కొనువాడును తేల్చలేడు. ముడివేసిన సంచిపై తయారుచేసినవాని పేరు గాని, తేదీ గాని సాధారణముగ ఉండదు. వానిని దండించుట కంటె, తెలుపును అడిగి కొనువారు పెరుగుట మేలైన ఉపాయము. నార తీయునది పంచదారయు వేడియు వేగమును. రంగునకు ఆ పనిలో పాలు లేదు. తెల్లని దారము నోట అట్లే కరగును. పిల్లలు మొదట అలిగినను, యంత్రము ఎదుట నిలువబెట్టి గాలిలో దారము పుట్టుటను చూపినచో రంగు మాట మఱచెదరు. సంచిలో కట్టినదాని కంటె కనులయెదుట తీసిన దానినే కొనుటకు ఇదియొక కారణము.

వానకాలము వచ్చినంతనే తేమగాలికి ఆ సంచులు లోలోపలనే క్రుంగి చిక్కిపోవును. కూడళ్లయందు గులాబి గుత్తులు పలుచబడి, వాని చోట కంకులు కాల్చు బొగ్గుల కుంపట్లు వెలయును.